దేవదూత చెప్పాడన్నా సరే...

కొన్నేళ్ల క్రితం మా సంఘం ఆవరణలో మూడు రోజుల పాటు స్వస్థత సభలు జరిగాయి. కరపత్రాలు పంచింది మేమే. షామియానా వేయించింది, కుర్చీలు అద్దెకు తెచ్చింది, ఊరికి కొత్తగా వచ్చిన ప్రసంగీకునికి బస ఏర్పాటు చేసింది కూడా మేమే. మూడో రాత్రి ఆయన యెషయా గ్రంథం 53వ అధ్యాయం తెరిచి, క్రీస్తు దెబ్బలు తిన్నది మన స్వస్థత కోసమేనని గొంతెత్తి చెప్పాడు. అది సత్యమే. ఆ సత్యం విషయంలో మాకు నాడూ సందేహం లేదు, నేడూ లేదు. కానీ ఆయన అక్కడితో ఆగకుండా ఇంకొక మాట కలిపాడు. స్వస్థత పొందినవాడు మర్నాడు మళ్లీ మందు మింగితే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టేనన్నాడు. ఆ కలిపిన మాట దగ్గర మేము ఉలిక్కిపడి ఉండాల్సింది. ఉలిక్కిపడలేదు. జనంతో పాటు మేమూ ‘ఆమెన్’ అన్నాం.

ఆ జనంలో పదిహేనేళ్లుగా షుగరు వ్యాధితో బాధపడుతున్న ఒక సహోదరి ఉంది. భర్త లేడు. కూలి పనితోనే ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది. ప్రతి నెలా ఇన్సులిన్‌కు డబ్బు సర్దలేక నలిగిపోతోంది. ఆ రాత్రి వేదిక ఎక్కి, తనకు స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్పింది. ఇంటికి వెళ్లి సూదులూ మందు సీసాలూ బయట పారేసింది. అప్పటికే కాలికి చెప్పు కరిచిన చిన్న పుండొకటి ఉంది. నాలుగు వారాలు తిరగకముందే ఆ పుండు నల్లబడింది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి కుడికాలి మూడు వేళ్లు తీసేయడం తప్ప మార్గం లేకపోయింది. ప్రాణం దక్కింది, దేవునికి స్తోత్రం. ఆ ప్రసంగీకుడు అప్పటికి వేరే జిల్లాలో సభల్లో ఉన్నాడు.

‘మందులు మానేసే ముందు మమ్మల్ని ఒక్క మాట అడగలేకపోయావా అమ్మా?’ అని ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగాం. ఆమె కోపంగా ఏమీ అనలేదు. ‘ఏమని అడగాలి అయ్యగారూ? మీరూ వేదిక మీదే కూర్చున్నారు కదా’ అంది.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. జవాబు కోసం వాక్యంలో వెదుకుతూ పోతే మొదటి రాజుల గ్రంథం 13వ అధ్యాయం దగ్గర ఆగిపోయాం. ఆదివారం ప్రసంగాల్లో ఎక్కువగా వినబడని అధ్యాయమది. వినడానికి ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి కావచ్చు.

ఇశ్రాయేలు రాజ్యం రెండుగా చీలిన రోజులవి. ఉత్తర రాజ్యాన్ని ఏలుతున్న యరొబాము తన ప్రజలు ఆరాధనకని యెరూషలేము వెళితే మళ్లీ దావీదు వంశం వైపు తిరిగిపోతారేమోనని భయపడి బేతేలులోనూ దానులోనూ బంగారు దూడలను నిలబెట్టాడు. అసలు పెద్ద మోసం అదే. రాజకీయ అవసరం కోసం కొత్త దేవుణ్ని తయారుచేసి, మిమ్మల్ని ఐగుప్తులో నుండి రప్పించిన దేవుడు ఇతడేనని పాత పేరు తగిలించాడు. ఆ బేతేలు బలిపీఠం దగ్గరికి యూదా దేశం నుండి ఒక దైవజనుడు వచ్చాడు. అతని పేరు గ్రంథంలో లేదు. రాజు ధూపం వేస్తూ నిలబడి ఉండగానే, ఆ బలిపీఠానికి జరగబోయేది ప్రకటించాడు. యోషీయా అనే రాజు పుడతాడని పేరుతో సహా చెప్పాడు. ‘వీణ్ని పట్టుకోండి’ అని రాజు చాచిన చెయ్యి చాచినట్టే ఎండిపోయింది. బలిపీఠం బద్దలై బూడిద ఒలికింది. రాజు బతిమాలితే దైవజనుడు ప్రార్థించాడు, చెయ్యి బాగయింది. అప్పుడు రాజు స్వరం మార్చి, ఇంటికి వచ్చి భోజనం చేయమన్నాడు, కానుక ఇస్తానన్నాడు. దైవజనుడు లొంగలేదు. నీ ఇంట్లో సగం ఇచ్చినా రాను, ఈ ఊళ్లో తినవద్దు, తాగవద్దు, వచ్చిన దారిన తిరిగి వెళ్లవద్దని నాకు దేవుని ఆజ్ఞ ఉందని చెప్పి వేరే దారి పట్టాడు.

ఇక్కడితో కథ ముగిసి ఉంటే ఆ దైవజనుని పేరున మన పిల్లలకు సండే స్కూల్లో పాటలు ఉండేవి. కానీ బేతేలులో ఒక ముసలి ప్రవక్త కాపురం ఉంటున్నాడు. కొడుకులు జరిగిందంతా తండ్రికి చెప్పారు. ఆయన గాడిదకు గంత కట్టించుకుని బయల్దేరాడు. దైవజనుడు దారిలో ఒక చెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఉదయం నుండి తిండి లేదు, నీళ్లు లేవు. చేసిన పని చిన్నది కాదు, ఒళ్లు అలసిపోయి ఉంటుంది. ముసలాయన దగ్గరికి వచ్చి భోజనానికి పిలిచాడు. దైవజనుడు రాజుకు చెప్పిన జవాబే ఈయనకూ చెప్పాడు. అప్పుడు ముసలాయన, నేనూ నీలాంటి ప్రవక్తనే, నిన్ను వెంటబెట్టుకుని వచ్చి అన్నం పెట్టమని దేవదూత ద్వారా నాకు దేవుని మాట వచ్చిందని చెప్పాడు. ఆ పక్కనే గ్రంథకర్త ఏ దాపరికమూ లేకుండా రాసేశాడు, ఆయన చెప్పింది అబద్ధమని.

దైవజనుడు లేచి వెనక్కి నడిచాడు. భోజనపు బల్ల దగ్గర కూర్చుని ఉండగానే, అబద్ధం చెప్పిన ఆ నోటి నుండే నిజమైన దేవుని తీర్పు వచ్చింది. తిరుగు దారిలో సింహం ఎదురై అతణ్ని చంపింది. శవాన్ని తినలేదు, గాడిదను ముట్టలేదు. శవం పక్కన ఒకవైపు గాడిద, ఒకవైపు సింహం నిలబడి ఉన్నాయట. ముసలి ప్రవక్తే వచ్చి శవాన్ని మోసుకుపోయి, తన సొంత సమాధిలో పెట్టి, సహోదరుడా అని పిలిచి ఏడ్చాడు.

ఈ అధ్యాయం చదివిన ప్రతిసారీ మాకు ఒకటే ప్రశ్న. రాజు బెదిరిస్తే బెదరనివాడు, రాజు కానుకకు కరగనివాడు, ఒక ముసలాయన మాటకు ఎలా లొంగిపోయాడు? రాజు శత్రువని అతనికి తెలుసు. బంగారు దూడ ముందు నిలబడ్డవాణ్ని చూసి జాగ్రత్త పడడం కష్టం కాదు. ముసలాయన శత్రువులా రాలేదు. ఒకే దేవుని పేరు, ఒకే భాష, ఒకే పరిచర్య, పైగా వయసు, వాటన్నిటి మీదా దేవదూత. అలసి, ఆకలితో చెట్టు కింద కూర్చున్న మనిషికి ఆ మాట అన్నంలా వినబడి ఉంటుంది. మా సహోదరికి కూడా ప్రతి నెలా మందుల ఖర్చుతో నలిగిపోతున్న వేళ, ఇక మందులతో పనిలేదన్న మాట అలాగే వినబడి ఉంటుంది.

అయినా అతని చేతిలో ఆయుధం లేకపోలేదు. దేవుని ఆజ్ఞ అతను కంఠతా చెప్పగలడు. అదే రోజు రెండుసార్లు చెప్పాడు కూడా. ‘అయ్యా, నాకు స్వయంగా చెప్పిన దేవుడు మధ్యాహ్నానికి మాట మార్చుకుంటే నాకు చెప్పడా? మీకెందుకు చెబుతాడు?’ అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. వాక్యం తెలిసి ఉండడం వేరు. వాక్యానికి ఎదురుగా ఒక పెద్దమనిషి మాట వచ్చి నిలబడినప్పుడు ఆ మాటను వాక్యం పక్కన పెట్టి చూడడం వేరు. మొదటిది అతనికి ఉంది. రెండోది చేయలేదు. మేమూ అంతే. యెషయా 53 మాకు తెలుసు. కలిపిన మాటను దాని పక్కన పెట్టి చూడలేదు.

పౌలు గలతీ సంఘాలకు రాస్తూ, మేమే గానీ పరలోకం నుండి వచ్చిన దూతే గానీ మీరు అందుకున్న సువార్తకు భిన్నమైనది ప్రకటిస్తే తిరస్కరించమని ఖండితంగా చెప్పాడు (గలతీ 1:8). ‘మేమే గానీ’ అన్న మాట గమనించాలి. తనను కూడా అందులో కలుపుకున్నాడు. సాతాను తానే వెలుగు దూత వేషం వేసుకోగలడని కొరింథీయులకు రాసిందీ ఆయనే (2 కొరింథీ 11:14). బేతేలు దారిలోని ముసలాయన మాట పౌలు మనసులో ఉందో లేదో మనకు తెలియదు గానీ, ఆ దారిన పోయేవాళ్లందరికీ పనికొచ్చే మాటే రాశాడు.

మోసం ఎప్పుడూ పూర్తి అబద్ధంగా రాదు. అరణ్యంలో సాతాను ప్రభువు దగ్గరికి వచ్చినప్పుడు 91వ కీర్తన పట్టుకుని వచ్చాడు. దేవాలయ శిఖరం మీది నుండి దూకు, దూతలు నిన్ను చేతుల మీద ఎత్తుకుంటారని రాసి ఉంది కదా అన్నాడు. రాసి ఉన్నమాట నిజమే. కానీ ఆ కీర్తనలో దేవుడు కాపాడతానన్నది మనిషి తన మార్గాలన్నిటిలో నడుస్తున్నప్పుడు. మత్తయి నమోదు చేసిన సాతాను మాటల్లో ఆ ముక్క కనబడదు. ప్రభువు దానికి జవాబుగా తన దైవత్వాన్ని చూపించలేదు, అద్భుతమూ చేయలేదు. దేవుణ్ని శోధించకూడదని ద్వితీయోపదేశకాండంలో ఇంకోచోట ఉన్న మాట తీసి దాని పక్కన పెట్టాడు. వాక్యాన్ని వాక్యంతోనే సరిచూశాడు.

మేము ఆ పని చేసింది చాలా ఆలస్యంగా. ఆసుపత్రి నుండి వచ్చాక యెషయా గ్రంథాన్ని మొదటి నుండి చదివాం. 53వ అధ్యాయం కంటే పదిహేను అధ్యాయాల ముందే, 38వ అధ్యాయంలో, హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నాడు. దేవుడు అతని ప్రార్థన విని పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు. స్వస్థత ఖాయమైంది. ఆ తరువాత యెషయా ప్రవక్త ఏం చెప్పాడు? అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు (యెషయా 38:21). వాగ్దానమూ దేవునిదే, పుండుకు కట్టూ ఆ ప్రవక్త చెప్పిందే! ఒకే గ్రంథంలో రెండూ ఉన్నాయి. కొత్త నిబంధనలో పౌలు వెంట నడిచిన లూకా వైద్యుడు. పౌలు తిమోతికి కడుపు జబ్బుకు ఏం వాడాలో చెప్పాడు (1 తిమోతి 5:23). ఎందరినో బాగుచేసిన ఆ అపొస్తలుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని దాచకుండా రాశాడు (2 తిమోతి 4:20). మేము ఇరవై ఏళ్లుగా ప్రసంగిస్తున్న గ్రంథమే ఇది. ఆ రాత్రి వేదిక మీద వీటిలో ఒక్కటైనా గుర్తుకు రాలేదు.

ఇది ఒక ఊరి సంగతే అనుకుంటే పొరపాటు. అమెరికాలో జిమ్ జోన్స్ 1950లలో ఇండియానాపోలిస్ నగరంలో పరిచర్య మొదలుపెట్టాడు. నల్లవారినీ తెల్లవారినీ ఒకే సంఘంలో కూర్చోబెట్టాడు, పేదలకు అన్నం పెట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. మంచి పనులు చూసి జనం చేరారు. పోగా పోగా బైబిలునే బహిరంగంగా హేళన చేసే దాకా వచ్చాడు. అప్పటికి జనం అతని మాటకు అలవాటు పడిపోయారు. వాళ్లను దక్షిణ అమెరికాలోని గయానా అడవులకు తరలించాడు. 1978 నవంబరు 18న అక్కడ విషం కలిపిన పానీయంతో 900 మందికి పైగా చనిపోయారు. వారిలో 300 మందికి పైగా పిల్లలు. పిల్లలు తమంతట తాము ఏ బోధనూ ఎంచుకోలేదు.

కాలిఫోర్నియాకు చెందిన హెరాల్డ్ క్యాంపింగ్ మరో రకం. చదువుకున్న ఇంజినీరు, దశాబ్దాల పాటు రేడియోలో బైబిలు నేర్పినవాడు. లెక్కలు కట్టి 2011 మే 21న ప్రభువు వస్తాడని చాటాడు. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని ప్రభువు స్వయంగా చెప్పిన మాట (మత్తయి 24:36) ఆయన చేతిలోని బైబిల్లోనూ ఉంది. కొందరు దాచుకున్న డబ్బంతా ఆ ప్రచారానికి ఖర్చుపెట్టారు. ఆ రోజు గడిచిపోయింది. అక్టోబరు 21 అన్నాడు, అదీ గడిచింది. 2012లో, తేదీ పెట్టబోవడం పాపమేనని ఒప్పుకుంటూ లేఖ రాశాడు. ఆ మాటకు మేము ఆయన్ని గౌరవిస్తాం. తప్పు చెప్పినవాళ్లు తప్పయిందని చెప్పడం ఈ రంగంలో అరుదు. కానీ ఖర్చయిపోయిన డబ్బును ఆ లేఖ తిరిగి ఇవ్వలేదు.

ఇక 2023 ఏప్రిల్‌లో ఆఫ్రికాలోని కెన్యా నుండి వచ్చిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. తీరప్రాంతంలో షకహోలా అనే అడవిలో గోతులు తవ్విన కొద్దీ శవాలు బయటపడ్డాయి. లెక్క 400 దాటింది. వారిలోనూ పిల్లలు చాలామంది. ఆకలితో చనిపోతే యేసును కలుసుకుంటారని నమ్మించాడన్నది పాల్ మెకెంజీ అనే బోధకుని మీద ఉన్న అభియోగం. అతను దాన్ని కాదన్నాడు. 2024లో న్యాయస్థానంలో విచారణ మొదలైంది. ఉపవాసం బైబిల్లో ఉన్నదే. ప్రభువును కలుసుకోవాలన్న ఆశ ప్రతి విశ్వాసికీ ఉన్నదే. ఆ రెంటినీ కలిపి ముడివేసిన తాడు మాత్రం బైబిల్లో లేనిది.

ఈ ముగ్గురి బోధలూ వేరు, దేశాలూ వేరు. కానీ ఒక పోలిక మమ్మల్ని వదలడం లేదు. ముగ్గురూ తమను నమ్మినవాళ్లను మిగతా విశ్వాసుల నుండి విడదీశారు. జోన్స్ సముద్రం దాటించాడు. క్యాంపింగ్ సంఘాల కాలం ముగిసిపోయింది, సంఘాలను విడిచి బయటికి రండని బోధించాడు. మెకెంజీ వెంట వెళ్లినవాళ్లు ఊళ్లు వదిలి అడవిలో గుడిసెలు వేసుకున్నారు. పక్కన కూర్చుని ‘అలా ఎక్కడ రాసి ఉంది?’ అని అడిగే మనిషి లేకుండా పోయాడు. మన దగ్గర ఇప్పుడు అడవికి తీసుకుపోవాల్సిన పని కూడా లేదు. చేతిలో ఫోను, చెవిలో ఇయర్‌ఫోను, రాత్రి పన్నెండింటికి యూట్యూబ్‌లో ఒక ప్రవచనం. ‘ఈ సందేశం నీకోసమే, ఎవరికీ చెప్పకు, ఈ నంబరుకు కానుక పంపు’ అన్న మాట విన్నారంటే, విన్నవాళ్లు అప్పటికే అడవిలో ఉన్నారన్నమాట.

అపొస్తలుల కార్యముల గ్రంథం 17వ అధ్యాయంలో బెరయ అనే ఊరి ప్రస్తావన ఉంది. ఇప్పటి గ్రీసు దేశం ఉత్తర భాగంలో ఉన్న ఊరది. పౌలు, సీల థెస్సలొనీకలో అల్లరి జరిగితే రాత్రికి రాత్రి తప్పించుకుని అక్కడికి చేరారు. బెరయ వాళ్లు రెండు పనులు చేశారు. పౌలు మాటను ఆసక్తితో విన్నారు. ఆయన చెప్పినవి అలాగే ఉన్నాయో లేదోనని ప్రతి రోజూ లేఖనాలు పరిశోధించారు. ఆ కాలంలో ఇంటింటా బైబిలు లేదు. చుట్టలుగా చుట్టిన లేఖనాలు సమాజమందిరంలో ఉండేవి. చేత్తో రాసినవి, ఖరీదైనవి. అంటే పరిశోధించాలంటే నలుగురూ ఒకచోట చేరి, చుట్ట విప్పి, ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లు వినాలి. ఏ ఒక్కరి తలలోనో జరిగే పని కాదది. పౌలు అంతటివాణ్ని అలా సరిచూశారని ఆయనకు కోపం వచ్చినట్టు లేఖనంలో లేదు. పైగా లూకా వాళ్లను ఘనులని రాశాడు.

కంసాలి గీటురాయి మీద బంగారాన్ని గీసినప్పుడు బంగారానికి అవమానం జరగదు. పక్కనే మేలిమి గీత ఒకటి గీస్తాడు, రెంటినీ పోల్చి చూస్తాడు. మేలిమి గీత లేకుండా రాయి ఒక్కటీ ఏమీ చెప్పదు. సమస్తాన్నీ పరీక్షించి మేలైనదాన్ని చేపట్టమని పౌలు చెప్పింది (1 థెస్స 5:21) ఇలాంటి పరీక్షే. గీయనివ్వని బంగారం మీద మాత్రం అనుమానపడాల్సిందే. దేవుడు అభిషేకించినవారిని ముట్టవద్దన్న మాట 105వ కీర్తన నుండి తీసి, ప్రశ్నించినవాళ్ల నోరు మూయించడం మన సభల్లో మామూలైపోయింది. ఆ కీర్తన చదివి చూడండి. అక్కడ దేవుడు గద్దిస్తున్నది రాజులను. కాపాడుతున్నది గుడారాల్లో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కుటుంబాన్ని. బలహీనులకు అండగా పలికిన మాటను బలవంతులు కవచంగా తొడుక్కున్నారు. అంతియొకయలో అందరి ముందూ పేతురును నిలదీసిన పౌలు (గలతీ 2:11) ఈ లెక్కన శాపగ్రస్తుడు కావాలి!

మార్టిన్ లూథర్ 1517లో పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద ప్రశ్నలు లేవనెత్తిన సంగతి మనవాళ్లందరికీ తెలుసు. ఆయన ప్రశ్నలతో ఊరుకోలేదు. 1522లో కొత్త నిబంధనను జర్మన్ భాషలో జనం చేతికిచ్చాడు. అమ్మేవాణ్ని తిట్టినంత మాత్రాన కొనేవాడు ఆగడు, వాడి చేతిలో గీటురాయి ఉండాలని ఆయనకు తెలిసింది. తెలుగులో కొత్త నిబంధన 1818లో సీరాంపూరులో అచ్చయింది. రెండు వందల ఏళ్లు దాటింది. మన ఇళ్లల్లో ఇప్పుడు రెండు మూడు బైబిళ్లుంటాయి, ఫోన్లో ఇంకొకటి. పెళ్లి కానుకగా వచ్చినది అట్ట నలగకుండా బీరువాలో ఉంటుంది.

కాపరుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పులో మా వాటా పెద్దది. ఒంగోలులో పరిచర్య చేసిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1876-78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలాది మందికి కూలి కల్పించాడు. ఆ కూలీల మధ్య తెలుగు బోధకులు సువార్త చెప్పారు. బాప్తిస్మం ఇవ్వమని వందల మంది అడిగారు. క్లౌ ఒప్పుకోలేదు. కరువు సాయం నడిచినంత కాలం, అంటే ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. కూడు కోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో తేలాలి కదా! సాయం ఆగిపోయింది, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పాకే, ఒక్కొక్కరి సంగతి వాళ్ల ఊళ్లు తెలిసిన బోధకుల చేత విచారించి తీసుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ 2222 అంకె మన సభల్లో తరచూ వినిపిస్తుంది. దానికి ముందు ఆయన బాప్తిస్మాలు ఆపిన ఆ ఏడాది సంగతి ఎవరూ చెప్పరు. జనం తమంతట తాము వస్తుంటే ఆగండని చెప్పగలిగిన కాపరి ఆయన. మేము షామియానా నిండితే చాలనుకున్నాం.

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాతి ఆదివారం ఆరాధనలో ఈ విషయం సంఘం ముందు ఒప్పుకున్నాం. ఆ ప్రసంగీకుణ్ని పిలిచింది మేమేనని, కలిపిన మాటకు ఆమెన్ అన్నది మేమేనని చెప్పాం. కొందరు పెద్దలకు అది నచ్చలేదు. సంఘం పరువు పోతుందన్నారు. ఒకాయన నాలుగు నెలలు మందిరానికే రాలేదు. ఆ తరువాత బయటి నుండి ఎవరు ప్రసంగించడానికి వచ్చినా, ముగించాక అరగంట కూర్చుని ప్రశ్నలు వినాలన్న నియమం పెట్టాం. ఇద్దరు ప్రసంగీకులు ఆ మాట వినగానే రాలేమని కబురు పంపారు. మాకు ఖర్చు తప్పింది.

ఆ సహోదరి ఇప్పుడు మడమ మీద బరువు వేసి నడుస్తుంది. రోజూ సూది వేసుకుంటుంది. వేసుకునే ముందు ప్రార్థన చేస్తానని చెప్పింది. చదువు అయిదో తరగతితో ఆగిపోయింది కాబట్టి బైబిలు చదవడానికి వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. ఇప్పుడు కూతురు చదువుతుంటే తను వెనకాలే చదువుతుంది. మొన్న శుక్రవారం కూడికలో మేము ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం పదమూడో వచనం చెప్పి, బలపరిచే క్రీస్తు ఉంటే ఏదైనా సాధించవచ్చని పదో తరగతి పరీక్షలు రాయబోయే పిల్లలను ఉత్సాహపరుస్తున్నాం. వెనక వరుసలో నుండి ఆమె చెయ్యెత్తింది.

‘అయ్యగారూ, దానిపైన పదకొండు, పన్నెండు వచనాల్లో ఆకలీ, లేమీ అని ఉంది. అది కూడా చదవండి’ అంది.

కళ్లజోడు సవరించుకుని, పదకొండో వచనం దగ్గర నుండి చదివాం.